ఆ క్రిస్మస్ పాట

2009 డిసెంబరు. నేను లండన్‌లో చదువుకుంటున్నాను. బ్రిటన్‌లో క్రిస్మస్ నంబర్ వన్ స్థానం, అంటే పండుగ వారంలో ఎక్కువగా అమ్ముడైన పాట స్థానం, అప్పటికి వరుసగా నాలుగేళ్లు ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అనే టీవీ పాటల పోటీ విజేతలదే. పోటీ ముగిసేసరికి విజేత పాట అమ్మకానికి సిద్ధం! దీనికి అడ్డుకట్ట వేద్దామని జాన్, ట్రేసీ మోర్టర్ దంపతులు ఫేస్‌బుక్‌లో పిలుపునిచ్చారు. రేజ్ అగైనెస్ట్ ద మెషీన్ అనే రాక్ బృందం 1992లో పాడిన ‘కిల్లింగ్ ఇన్ ద నేమ్’ కొనమన్నారు. నేనూ కొన్నాను. ఆ వారం ఐదు లక్షలకు పైగా డౌన్‌లోడ్లు! ఆదివారం సాయంత్రం రేడియోలో ఆ పాటే నంబర్ వన్ అని చెప్పగానే మా హాస్టల్ వంటగదిలో గరిటెలతో గిన్నెలు మోగించారు.

ఈ పాటా, ఆ ఏటి ‘ఎక్స్ ఫ్యాక్టర్’ విజేత పాటా రెండూ సోనీ సంగీత సంస్థవే కదా, ఎవరిది గెలుపు అని మిత్రులు ఇప్పటికీ వాదిస్తారు. డబ్బు సంగతి నిజమే. కానీ ఏ పాట మోగాలో ఆ వారం శ్రోతలే తేల్చారు. నిరాశ్రయుల కోసం పనిచేసే ‘షెల్టర్’కు విరాళాలూ అందాయి. మరుసటి జూన్‌లో ఆ బృందం ఫిన్స్‌బరీ పార్కులో ఉచితంగా కచేరీ చేసింది.