ఊకో అనే ముందు

"యేసు కన్నీళ్లు విడిచెను." (యోహాను 11:35)

చావు ఇంట్లో మన నోటి నుంచి ముందుగా వచ్చే మాట "ఊకో". పాలమూరు పల్లెల్లో అయినా, నల్లగొండ దిక్కయినా అంతే. శవం పక్కన కూర్చున్న తల్లి "నన్నెవరికి అప్పజెప్పి పోతివి కొడకా" అని శోకం ఎత్తుకుంటుంది. వాడు ఏం తినేవాడో, ఏమని పిలిచేవాడో ఒక్కొక్కటే తలచుకుంటూ ఏడుస్తుంది. ఇంతలో సంఘంలో ఎవరో ఆమె చెయ్యి పట్టుకొని, "ఊకో అమ్మా, మనం విశ్వాసులం, ఏడ్వొద్దు" అంటారు. వాక్యమే చెప్పామనుకుంటారు. పౌలు రాసింది "నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అని (1 థెస్స. 4:13). అందులో "ఇతరులవలె" అన్న మాట మింగేస్తేనే అది "ఏడ్వొద్దు" అవుతుంది.

బేతనియలో ఏం జరిగిందో చూడండి. మార్త, మరియల సహోదరుడు లాజరు చనిపోయి నాలుగు దినాలైంది. మార్త యేసుకు ఎదురొచ్చి, "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. తర్వాత మరియ వచ్చి అదే మాట అంది. ఫిర్యాదు ఒక్కటే. మార్తకు ఆయన పునరుత్థానం గురించి చెప్పాడు. మరియ పాదాల మీద పడి ఏడుస్తుంటే మాత్రం ఏ ఉపదేశమూ చేయలేదు. "అతని నెక్కడ నుంచితిరి" అని అడిగాడు, ఏడ్చాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నాడని ఆయనకు తెలుసు. తెలిసీ ఏడ్చాడు. గ్రీకులో మరియ ఏడుపుకు వాడిన మాట గొంతెత్తి ఏడ్వడం, యేసుకు వాడినది కన్నీళ్లు కారడం. అలాగని గొంతెత్తి ఏడ్వడం తక్కువదేం కాదు. యెరూషలేమును చూసి ఆయన ఏడ్చినప్పుడు లూకా వాడింది ఆ మొదటి మాటే.

మరి నాయీనులో కొడుకు చనిపోయిన విధవరాలితో "ఏడువవద్దు" అన్నాడు కదా (లూకా 7:13) అని అడగవచ్చు. అన్నాడు. వెంటనే పాడెను ముట్టుకున్నాడు, కొడుకును లేపి తల్లికి అప్పజెప్పాడు. ఆ మాట అనే అధికారం ఆయనకుంది. మన చేతిలో ఉన్నది బేతనియ కన్నీళ్లే.

ఈ ఊకోబెట్టడం చావుకు ముందే మొదలవుతుంది. ఇంటికి తీసుకపొమ్మని డాక్టర్లు చెప్పిన మనిషితో, వచ్చినవాళ్లందరూ "నీకేం గాదు" అంటారు. ఇక ఆయన చెప్పుకోవాల్సింది లోపలే ఉండిపోతుంది. యాకోబు పత్రిక చెప్పినట్టు పెద్దలు నూనె రాసి ప్రార్థన చేయాలి, తప్పకుండా చేయాలి. ఆ తర్వాత పక్కన కూర్చొని "ఏమన్నా చెప్పాలని ఉందా?" అని అడగాలి. పితరుడైన యాకోబు తనను తన పితరులను పాతిపెట్టిన మక్పేలా గుహలోనే పాతిపెట్టమని కొడుకులకు వివరంగా చెప్పాడు కదా. మింగలేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడి దూదితో పెదవులు తడిపితే చాలు. గొంతులో గురగుర వస్తుంటే పక్కకు ఒత్తిగిలబెట్టండి. ఇరవై మూడో కీర్తన చెవి దగ్గర మెల్లగా చదవండి. అక్కడ మైకుతో పనిలేదు.

సమాధుల తోటలో కూడా దుఃఖానికి చోటివ్వడం చిన్న చిన్న పనుల్లోనే ఉంది. చల్క నేలలో మొరం తగిలితే గడ్డపారతో గంటలు పడుతుంది కాబట్టి గుంత తవ్వేవాళ్లను పొద్దున్నే పంపాలి. రేగడిలో వానాకాలం అంచులు విరిగిపడతాయి, జనాన్ని దూరంగా నిలబెట్టాలి. బొంబాయికి వలసపోయిన కొడుకు రాత్రి బస్సు దిగి వచ్చేసరికి ఐస్ బాక్స్ పెట్టి ఒక రోజు దాటి ఉంటుంది, అందరూ తొందరపడుతుంటారు. అయినా మూత వేసే ముందు అతనికి పది నిమిషాలివ్వండి. పెట్టె దించేటప్పుడు తల వైపు మోకు, కాళ్ల వైపు మోకు ఒక్కసారే వదలాలి. ఒకటి ముందు జారితే పెట్టె ఒరుగుతుంది, అది ఆ భార్య కళ్లలోంచి పోదు. మొదటి మన్ను చేత్తో నలిపి వేయాలి. పారతో పెద్ద మట్టిపెళ్లలు వేస్తే చెక్క మీద దబ్బుమని పడతాయి. ఆ చప్పుడు తల్లికి వినపడుతుంది.

పైన మన్ను కుప్పగా ఉంచండి, అది దిగుతుంది. ఒక వానాకాలం పోకముందే సిమెంటు కట్టిస్తే పగుళ్లిస్తుంది. అప్పు చేసి కట్టించొద్దని పెద్దలే ముందుగా చెప్పాలి.

చావు తర్వాత పెట్టే ఆదరణ కూడికల్లో ప్రసంగాలు గంట దాటుతుంటాయి. యోబు స్నేహితులు ఏడు దినాలు నేల మీద కూర్చొని ఒక్క మాటా పలకలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే తప్పు మొదలైంది. భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోతారు, ఇల్లు బోసిపోతుంది. నలభై దినాలు దాటాక కూడా ఎవరో ఒకరు పోయి కూర్చోవాలి. చనిపోయినవారి పేరు ఎత్తి మాట్లాడాలి. ఆ పేరు ఎత్తితే బాధపడుతుందేమోనని మనం దాచేస్తాం. ఆమెకు ఆ పేరు వినాలని ఉంటుంది.

కతోలికులు నవంబర్ 2న, మిగతా సంఘాలు చాలావరకు ఈస్టర్ తెల్లవారుజామున, సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ చీకట్లో, ఇంకా రాయి పెట్టని కొత్త మన్ను దగ్గర ఒకామె కూర్చొని ఉంటుంది. పాట పాడుకుంటూ ముందు అక్కడికే పొండి. ఆమె శోకం ఎత్తుకుంటే పాట ఆపి నిలబడండి. ఆమె ఊపిరి తీసుకున్నాక మళ్లీ ఎత్తుకోవచ్చు.