మనిషికా, గదికా

గురువారం, రాత్రి

శిక్షణ గది కంప్యూటర్ల ఫిర్యాదు మళ్లీ జాబితాలో పైకి వచ్చింది. పాఠం చెప్పే మనిషి ఏదో ఒక బొమ్మ దగ్గర ఆగి పది నిమిషాలు మాట్లాడితే చాలు, వెనక తెర తాళం వేసుకుంటోంది. అందరూ చూస్తుండగా వెళ్లి పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పది నిమిషాల తాళం భద్రతా విభాగం పట్టుబట్టి పెట్టించుకున్నది. ఎవరి బల్ల దగ్గర వాళ్లకు అది ఉండాల్సిందే, అందులో వాదన లేదు. శిక్షణ గదిలో మాత్రం వద్దు. అదే మనిషి, అదే లాగిన్, గది మారితే నియమం మారాలి. శిక్షణ విభాగం ఆవిడ టికెట్లో, అంటే మాకు పంపిన ఫిర్యాదులో, రాసిన వాక్యం ఇది: "మా గదిలో ఎవరు కూర్చున్నా ఒకేలా ఉండాలండీ." ఇంత సూటిగా రాసిన టికెట్ ఈ మధ్య చూడలేదు.

అడగడం తేలిక. ఆఫీసు ఖాతాలనూ, కంప్యూటర్లనూ ఒకే చోటి నుంచి నడిపే యాక్టివ్ డైరెక్టరీ లెక్క మాత్రం వేరు. అందులో సెట్టింగులను అందరికీ పంపే ఏర్పాటు గ్రూప్ పాలసీ, అలాంటి సెట్టింగుల కట్ట ఒక్కోటీ ఒక జీపీవో. విండోస్ 2000తో పుట్టినప్పటి నుంచీ గ్రూప్ పాలసీలో ప్రతి జీపీవోకూ రెండు సగాలున్నాయి. కంప్యూటర్ సగం యంత్రం లేచేటప్పుడు అమలవుతుంది, యూజర్ సగం మనిషి లాగిన్ అయ్యేటప్పుడు. ఏ జీపీవోలు తగలాలన్నది ఆ ఖాతా ఎక్కడుందో చూసి తేలుతుంది. మొదట యంత్రంలోని స్థానిక పాలసీ, తరువాత సైట్, ఆ తరువాత డొమైన్, చివరికి ఖాతాలను విభజించి పెట్టే అరలైన ఓయూలు, పై నుంచి కిందికి. రెండు సెట్టింగులు ఢీకొంటే చివర వచ్చినదే నెగ్గుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఆ పది నిమిషాల తాళం స్క్రీన్ సేవర్ గడువుగా యూజర్ సగంలో ఉంది. కంప్యూటర్ ఖాతా శిక్షణ గది ఓయూలో ఉంటుంది. మనిషి ఖాతా సిబ్బంది ఓయూలో ఉంటుంది. శిక్షణ గది ఓయూకు యూజర్ సెట్టింగులు ఎన్ని రాసి తగిలించినా, ఆ మనిషి ఆ ఓయూలో లేడు కాబట్టి ఒక్కటీ అంటదు. పోనీ తప్పు జరిగిందని ఎర్ర అక్షరాల్లో చూపిస్తుందా అంటే అదీ లేదు. దాని దృష్టిలో తప్పేమీ జరగలేదు మరి. కొత్తగా చేరిన కుర్రాడు నిన్న సాయంత్రమంతా దీనితోనే కుస్తీ పట్టి, "సార్, రాసినవన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటీ పనిచేయడం లేదు" అన్నాడు. రెండు ముక్కలూ నిజమే.

ఉదయం ముగ్గురం కూర్చున్నాం. గదికి ఒక ఉమ్మడి ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ గోడ మీద అంటిద్దామన్నది మొదటి సలహా. ఇది ప్రతి ఆఫీసులోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అనే మాటే. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ ఖాతాతో ఎవరు ఏ ఫైలు తెరిచారో, ఏది చెరిపారో తరువాత ఎవరూ చెప్పలేరు. తాళం ఇబ్బందిని తప్పించడానికి తలుపే ఊడదీయడం అది.

రెండో సలహా మెరుగైనది. యంత్రం ఎంతసేపు కదలకుండా ఉంటే తాళం పడాలో చెప్పే సెట్టింగు విండోస్ 8 నుంచి కంప్యూటర్ సగంలోనే ఉంది, అది వాడదామని. వాడవచ్చు, కానీ అది మనిషితో పాటు వచ్చే స్క్రీన్ సేవర్ గడువును పెంచలేదు. రెండూ ఉంటే ఏది ముందు ముగిస్తే అదే తెర మూస్తుంది. మనకు కావలసింది గడువు పెంచడం, కాబట్టి అది అక్కరకు రాదు.

గ్రూప్ పాలసీలోనే మరో రకం సెట్టింగులైన ప్రిఫరెన్సెస్ మాట కూడా వచ్చింది. అందులో ఒక్కొక్క అంశానికీ ఫలానా పేరున్న కంప్యూటర్ అయితేనే, ఫలానా ఓయూలో ఉంటేనే అని షరతు పెట్టవచ్చు. ప్రింటర్లకూ, నెట్‌వర్క్ డ్రైవ్‌లకూ అంతకన్నా మంచి దారి లేదు, చాలా చోట్ల అదే సరిపోతుంది కూడా. కానీ అసలైన పాలసీ విలువను విండోస్ సెట్టింగుల గిడ్డంగి అయిన రిజిస్ట్రీలోకి ప్రిఫరెన్స్‌గా తోస్తే, తీసేయమని విడిగా చెప్పనంత కాలం అది ఆ మనిషి ప్రొఫైల్‌లో మరకలా మిగిలిపోతుంది. రెండేళ్ల తరువాత దాన్ని వెతికేది ఎవరు? నేనే.

చివరికి మిగిలింది లూప్‌బ్యాక్. ఇది సరిగ్గా ఈ పని కోసమే ఉన్న మీట. కంప్యూటర్ సగంలో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, గ్రూప్ పాలసీ అనే వరుసలో దొరుకుతుంది. దాన్ని తిప్పితే, మనిషి లాగిన్ అయినప్పుడు యూజర్ సెట్టింగుల కోసం కంప్యూటర్ ఖాతా ఉన్న చోటును కూడా చూడమని చెప్పినట్టు. గ్రంథాలయంలో అడుగు పెడితే ఎవరైనా గొంతు తగ్గించాల్సిందే కదా, ఆ నియమం మనిషిది కాదు, గదిది.

ఇందులో రెండు రకాలు. రీప్లేస్ అంటే మనిషి వెంట వచ్చే యూజర్ పాలసీల జాబితాను పక్కన పెట్టి, కంప్యూటర్ ఉన్న చోటు జాబితాను మాత్రమే తీసుకోవడం. మెర్జ్ అంటే ముందు మనిషి జాబితా, దాని వెనక కంప్యూటర్ జాబితా. వెనక వచ్చింది కాబట్టి పోటీ వస్తే కంప్యూటర్ వైపుదే పైచేయి. రీప్లేస్ మీద నాకు మొదటి నుంచీ మమకారం. గదిలో ఏముందో అదే కనిపిస్తుంది, ఎవరు వచ్చారన్నది లెక్కలోకి రాదు. ఆగంతుకుల కోసం పెట్టిన యంత్రాలకు అంతకు మించినది లేదు. కానీ శిక్షణ ఇచ్చేవాళ్లకు తమ విభాగం డ్రైవ్ కావాలి. అది వాళ్ల సిబ్బంది ఓయూ జీపీవో నుంచి వస్తుంది. రీప్లేస్ పెడితే అది మాయమవుతుంది, అప్పుడు నాకు వచ్చే టికెట్ వేరేది. అందుకని మెర్జ్.

మెర్జ్‌తో ఉన్న తంటా పరీక్షలో బయటపడుతుంది. లెక్కల విభాగం వాళ్లు కూర్చుంటే ఒక ఫలితం, నియామకాల విభాగం వాళ్లు కూర్చుంటే ఇంకొకటి, ఎందుకంటే ముందు వచ్చే జాబితా మనిషిని బట్టి మారుతుంది. కాబట్టి నా ఖాతాతో లాగిన్ అయి చూసి సరిపోయిందనుకోవడం కుదరదు. పై స్థాయిలో ఎవరైనా ఎన్‌ఫోర్స్‌డ్, అంటే తప్పనిసరి, అని గుర్తు పెట్టిన జీపీవో ఉంటే, అది గది నియమాన్ని కూడా తొక్కేస్తుంది.

మధ్యాహ్నం ముందు మోడలింగ్ నడిపించాం. లూప్‌బ్యాక్ ఉంటే ఏం జరుగుతుందో యంత్రాన్ని ముట్టకుండానే చూపించే వసతి అది, ఎందుకో దాన్ని వాడేవాళ్లు తక్కువ. అసలు సంగతి అందులో దొరికింది. శిక్షణ గది ఓయూకు పాత జీపీవో ఒకటి తగిలించి ఉంది. దాని యూజర్ సగంలో కొన్ని డ్రైవ్‌లను దాచే సెట్టింగు, ఇంటర్నెట్‌కు దారిగా ఉండి ఎప్పుడో తీసేసిన ప్రాక్సీ సర్వర్ చిరునామా. ఇన్నేళ్లూ అది ఎవరికీ అంటలేదు, ఎందుకంటే మనుషులెవరూ ఆ ఓయూలో లేరు. లూప్‌బ్యాక్ తిప్పిన క్షణాన అది నిద్ర లేచేది, శిక్షణ గదిలో ఇంటర్నెట్ మొత్తం ఆగిపోయేది.

లూప్‌బ్యాక్ గురించి ఎక్కువమంది పొరబడేది ఈ చోటే. దాన్ని ఏ జీపీవోలో రాశామో ఆ జీపీవోకే పరిమితమనుకుంటారు. కాదు. అది ఆ కంప్యూటర్ గుణమైపోతుంది. ఆ కంప్యూటర్‌కు వర్తించే ప్రతి జీపీవోలోని యూజర్ సగమూ, అక్కడ లాగిన్ అయ్యే ప్రతి మనిషి విషయంలోనూ లెక్కలోకి వస్తుంది. డొమైన్ మొత్తానికి తగిలించిన జీపీవోలో ఈ మీట తిప్పేసి చేతులు దులుపుకున్నవాళ్ల పని చక్కబెట్టడం ఎంత నరకమో చూసినవాడిని. అందుకే మీటకు విడిగా ఒక జీపీవో, గది సెట్టింగులకు విడిగా ఇంకొకటి చేయించాను. పేరులోనే లూప్‌బ్యాక్ అన్న మాట పెట్టించాను. పాతదాని యూజర్ సగాన్ని నిలిపేశాం.

పరీక్ష యంత్రం మీద మరో ముడి. లూప్‌బ్యాక్ తిరిగింది, గది సెట్టింగులు రాలేదు. ఏ పాలసీలు తగిలాయో చెప్పే జీపీరిజల్ట్ నివేదికలో వర్తించిన వాటి వరుసలో మా కొత్త జీపీవో లేదు. అడ్మిన్లకు ఈ కట్టుబాట్లు తగలకూడదని కుర్రాడు జీపీవో ఎవరికి తగలాలో చెప్పే సెక్యూరిటీ ఫిల్టరింగ్‌లో, మనుషులూ యంత్రాలూ అందరూ వచ్చే అథెంటికేటెడ్ యూజర్స్‌ను తీసేసి సిబ్బంది గ్రూపును పెట్టాడు. ఉద్దేశం సరైనదే. కానీ 2016 జూన్‌లో వచ్చిన భద్రతా సవరణ ఎంఎస్16-072 తరువాత యూజర్ పాలసీని కూడా కంప్యూటర్ ఖాతాతోనే చదువుతారు. చదివే అనుమతి కంప్యూటర్‌కు లేకపోతే, మనిషికి ఎన్ని అనుమతులున్నా ప్రయోజనం లేదు. అనుమతుల పట్టిక డెలిగేషన్‌లో, కంప్యూటర్లన్నీ ఉండే డొమైన్ కంప్యూటర్స్ గ్రూపుకు రీడ్, అంటే చదివే అనుమతి, ఒక్కటే ఇచ్చాం, వర్తింపజేసే అప్లై ఇవ్వలేదు. సిబ్బంది గ్రూపుకు రెండూ ఉన్నాయి.

యంత్రాన్ని తిరిగి లేపి చూస్తే జరిగినవన్నీ నమోదయ్యే గ్రూప్ పాలసీ ఆపరేషనల్ లాగ్‌లో 5311 నంబరు ఘటన, అందులో లూప్‌బ్యాక్ మెర్జ్ అని. ఇలాంటి చోట ఊహాగానాలు మాని ముందు ఈ లాగ్ తెరవమని కుర్రాడికి చెప్పాను, రాసుకున్నాడు. స్క్రీన్ సేవర్ గడువు 600 సెకన్ల నుంచి 2700కు మారింది. అంతకు మించి పెంచమని ఆవిడ అడిగారు కానీ ఒప్పుకోలేదు. ముప్పావు గంట ఎవరూ మౌస్ ముట్టని గదిలో పాఠం జరుగుతోందని నేను నమ్మను, ఎవరో మరిచిపోయి వెళ్లిపోయి ఉంటారు. అదే ఖాతాతో కుర్రాడు తన బల్ల దగ్గర లాగిన్ అయితే అక్కడ మళ్లీ 600. సరిగ్గా కావలసింది ఇదే. లెక్కల విభాగం నుంచి ఒకరినీ, నియామకాల నుంచి ఒకరినీ బతిమాలి పిలిపించి శిక్షణ గదిలో కూర్చోబెట్టాం. ఇద్దరి డ్రైవ్‌లూ వచ్చాయి, గడువు ఇద్దరికీ ఒకటే.

మిగతా యంత్రాలను వదిలేసినా మామూలుగా 90 నిమిషాలకు, లేదా దానిపై మరో 30 నిమిషాల లోపు, కంప్యూటర్ సగం వాటంతట అవే తెచ్చుకుంటాయి. అయినా రాత్రికి అన్నింటినీ తిరిగి లేపమని పెట్టి వచ్చాను. సగం గదికి కొత్త నియమం, సగం గదికి పాతదీ ఉంటే రేపు పొద్దున పాఠం చెప్పేవాళ్లు నన్నే తిడతారు. రేపు ముందు హాలులో సందర్శకుల యంత్రం పని ఉంది, దానికి రీప్లేస్.

సాయంత్రం బయలుదేరబోతుంటే ఒక విభాగాధిపతి నుంచి టికెట్. శిక్షణ గది సంగతి అప్పుడే ఆయన దాకా వెళ్లిపోయింది. ఊరికే తాళం పడని తెర తనకూ నచ్చిందట, తన ల్యాప్‌టాప్‌ను కూడా ఆ ఓయూలోకి మార్చమన్నారు. అది గదికి పెట్టిన నియమమనీ, ఊళ్లు తిరిగే ల్యాప్‌టాప్‌కు వర్తించదనీ మర్యాదగా రాసి, భద్రతా విభాగానికి ఒక ప్రతి పంపి టికెట్ మూసేశాను.