మాస్టారు బోర్డు మీద రాసిన 4294967297

మన బ్యాచ్‌లో లెక్కలంటే వణికిపోయినవాళ్లకి కూడా 641 అనగానే మాస్టారు గుర్తొస్తారు. పేరు రాయక్కర్లేదు, మన బడిలో లెక్కల మాస్టారంటే ఆయనే.

తొమ్మిదో తరగతిలో ఘాతాంకాల పాఠం అయ్యాక బోర్డు మీద 3, 5, 17, 257, 65537 అని రాశారు. రెండుని 1, 2, 4, 8, 16 ఘాతాలకు పెంచి ఒకటి కలిపితే వచ్చేవి ఇవి. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఇలా ఎంతదూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని 1640లో ఫెర్మా నమ్మాడట. ఆయన ఫ్రాన్సులో తులూజ్ న్యాయస్థానంలో పనిచేసేవాడు, లెక్కలు ఆయనకు ఇష్టం కొద్దీ చేసుకున్న పని. ఆరో సంఖ్య 2³²+1, అంటే 4294967297. దీన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు.

మాస్టారు మా చేత భాగహారం చేయించారు. 4294లో 641 ఆరుసార్లు, శేషం 448. తొమ్మిది దించితే 4489, ఏడుసార్లు, శేషం 2. అక్కడి నుంచే తికమక. తర్వాత రెండు అంకెలు దించినా 641 పోదు, రెండు సున్నాలు వరసగా పెట్టాలి. సగం క్లాసు ఒక సున్నా మింగేసింది. సరిగ్గా చేస్తే 6700417, శేషం సున్నా.

అసలు 641 ఎలా తట్టింది? ఆ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలని ఆయిలర్ నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదో దానికే దొరికిపోయింది.

నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించేది మాత్రం ఆ తర్వాత మాస్టారు చెప్పింది. భాగహారమే లేకుండా చూడండర్రా అన్నారు. 641 అంటే 5⁴+2⁴. కాబట్టి 2⁴ బదులు 641−5⁴ అని రాయొచ్చు. 2³² అంటే 2⁴×2²⁸, అంటే 641×2²⁸ − 5⁴×2²⁸. ఆ రెండో ముక్క (5×2⁷)⁴, అంటే 640⁴. ఇప్పుడు ఒకటి కలపండి: 641×2²⁸ − (640⁴−1). మనకు తెలిసిన a²−b² సూత్రాన్నే రెండుసార్లు వాడితే 640⁴−1లో 640+1 బయటపడుతుంది. అదే 641! పరీక్షలో మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రం అంత పెద్ద సంఖ్యను విరగ్గొడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. నేను లెక్కల్లో డిగ్రీ చేశానంటే కారణం ఆ పీరియడే.

ఉద్యోగంలో చేరాక ఈ సంఖ్యలు మళ్లీ ఎదురయ్యాయి. వెబ్‌సైట్ల భద్రతకు వాడే ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో చాలావాటిలో 65537 ఉంటుంది. చూసినప్పుడల్లా సొంతూరి మనిషి కనబడినట్టు ఉంటుంది.

ఏడో సంఖ్యను 1880లో లాండ్రీ విడగొట్టాడు, దాని చిన్న కారణాంకం 274177. ఆరో సంఖ్య నుంచి ముప్పై మూడోదాకా అన్నీ సంయుక్త సంఖ్యలేనని ఇప్పుడు తెలుసు. వాటిలో ఇరవై ఒకటో సంఖ్యకీ, ఇరవై ఐదో సంఖ్యకీ మాత్రం ఒక్క కారణాంకం కూడా ఎవరికీ చిక్కలేదు. ముప్పై నాలుగో దానికి 258 కోట్లకు పైగా అంకెలు. అది ప్రధాన సంఖ్యో కాదో ఇంకా తేలలేదు.