పందొమ్మిదిన్నర నిమిషాలు

లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచాను. తమ్ముడి మెసేజ్ చెవి దగ్గర జోరీగలా తిరుగుతోంది. "కథ బాగుందక్కా. కానీ బ్రహ్మలోకం పైన ఉంటే అక్కడ గడియారం ఇంకా తొందరగా నడవాలి కదా?" ఇంతే. చివర ఒక నవ్వు బొమ్మ. ఆ బొమ్మే మండించింది.

అదే, కకుద్మి కథ. వారం నుంచి చెప్పి చెప్పి మిమ్మల్ని విసిగిస్తున్నదే. కూతురు రేవతిని ఎవరికిచ్చి చెయ్యాలో అడుగుదామని రాజుగారు పిల్లను వెంటబెట్టుకుని బ్రహ్మ దగ్గరికి వెళ్తాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తోంది. అయ్యేదాకా ఆగి, తను అనుకున్న పెళ్ళికొడుకుల సంగతి విన్నవిస్తాడు. భాగవతం నవమ స్కంధంలో బ్రహ్మ నవ్వుతాడు చూడండి, అక్కడే నాకు ఈ కథ హాస్యకథని అనిపించింది. వాళ్ళూ లేరు, వాళ్ళ మనవలూ లేరు, గోత్రాలు కూడా వినపడటం లేదు, ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచాయి అంటాడు, నవ్వుతూనే.

నేను రాసిన కథలో బ్రహ్మలోకాన్ని వెయిటింగ్ రూమ్ చేశాను. చేతిలో టోకెను. గోడమీద రెండు గడియారాలు. ఒకటి 'స్థానిక కాలం'. రెండోది 'భూలోకం', దాని ముల్లు ఎంత జోరుగా తిరుగుతుందంటే గదిలో ఫ్యాను అక్కర్లేదు. లెక్క కూడా వేశాను. వెయ్యి చతుర్యుగాలు బ్రహ్మకు ఒక పగలు. ఆ పగలు పన్నెండు గంటలనుకుంటే, ఇరవై ఏడు చతుర్యుగాలంటే పందొమ్మిది నిమిషాల ఇరవై ఆరు సెకన్లు. ఆలాపనతో కలిపి ఒక్క పాట! కింద మాత్రం 11 కోట్ల 66 లక్షల 40 వేల ఏళ్ళు. అంటే ఆయన బయల్దేరేనాటికి కోట గోడ అవతల డైనోసార్లు మేస్తూ ఉండాలి.

ఇంత కష్టపడితే వీడికి గడియారం కనిపించింది. హంసను పార్కింగ్‌లో కట్టేస్తే ఒప్పుకున్నాడు. నాలుగు ముఖాలకు నాలుగు మైకులు పెడితే ఒప్పుకున్నాడు. దీనికి మాత్రం ఫిజిక్స్ కావాలట.

బాధేమిటంటే, వాడన్నది నిజం. మన ఫోన్లకు దారి చూపే ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడ భూమి లాగుడు తక్కువ కాబట్టి వాటి గడియారాలు రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, వేగం వల్ల 7 వెనక్కి వస్తాయి, నికరంగా 38 ముందు. ఆ తేడా సరిచెయ్యకపోతే మ్యాపు మనల్ని ఎక్కడో దింపుతుంది. ఈ లెక్కన కకుద్మి పైకి వెళ్ళి ముసలివాడై దిగాలి, కింద పెళ్ళికొడుకులు ఇంకా మీసాలు దువ్వుకుంటూ ఉండాలి. కథ మొత్తం తిరగబడింది.

సాయంత్రమంతా దానికే సరిపోయింది. చివరికి బ్రహ్మలోకాన్ని పైనుంచి తీసి లోతుకు దింపాను. కాలం నెమ్మదించాలంటే మహా బరువైన దాని పక్కన కూర్చోవాలి. బ్రహ్మ కూర్చున్నది పద్మంలో, ఆ కాడ పుట్టింది నారాయణుడి నాభిలో. కాబట్టి ఆ నాభే కృష్ణబిలం, అదే బ్లాక్ హోల్! ఈయనకు చదివి వినిపించాను. "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" సంగతి మీకు తెలుసు.

ఈ కథ నాకు అమ్మమ్మ చెప్పింది. అప్పుడు రేవతీ పట్టలేదు, బ్రహ్మా పట్టలేదు. "మరి వాళ్ళింటికి తాళం ఎవరు వేశారు?" అని అడిగాను. "తాళం వేసే వెళ్ళాడే, వచ్చేసరికి తలుపు లేదు" అంది. అంతే, ఆ రాత్రి నిద్ర లేదు. ఆ తర్వాత చాలా రోజులు పెరట్లోకి వెళ్ళి వస్తే చాలు, గుమ్మంలోనే నిలబడి "అమ్మమ్మా, ఉన్నావా?" అని కేకేసేదాన్ని. ఏ గదిలోంచో జవాబు వచ్చేది, "ఇరవై ఏడు యుగాలైందే, ఇంకా ఇక్కడే ఉన్నా." ఒకసారి కావాలనే పలకలేదు. నేను ఏడుస్తూ ఇల్లంతా వెతికితే తలుపు చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు ఇప్పటికీ కోపమే.

బ్రహ్మ నవ్వూ అలాంటిదేనేమో. మరి నేను కథ చివర ఆయన చేత "అంతా మాయ నాయనా" అనిపించాను. ఇందాక తమ్ముణ్ణి తిట్టుకుంటూ మళ్ళీ చదివితే ఆ మాట చప్పగా ఉంది. తప్పు కూడా. తాడును పాము అనుకుంటే దీపం పెట్టగానే పాము పోతుంది. ఇక్కడ ఎన్ని దీపాలు పెట్టినా రెండు గడియారాలూ అలాగే ఉంటాయి. ఆయన పందొమ్మిదిన్నర నిమిషాలూ నిజమే, ఇక్కడి పదకొండున్నర కోట్ల ఏళ్ళూ నిజమే. మాయ అనేస్తే నాకు సులువు, అంతే. కొట్టేశాను. వాడి వల్లే అని వాడికి చెప్పను.

కొట్టేశాక ఇంకోటి కనిపించింది. రేవతికి ఒక్క డైలాగు లేదు. నాన్న అడిగాడు, బ్రహ్మ చెప్పాడు, బలరాముడికి ఇచ్చారు. విష్ణుపురాణంలోనైతే మరీ అన్యాయం. పాతకాలం పిల్ల పొడుగ్గా ఉందని బలరాముడు నాగలి కొనతో వంచి పొట్టి చేస్తాడు. సరే, అది పురాణం. నా కథలో కూడా ఆ పిల్ల కుర్చీలో కూర్చునే ఉంది! ఇంత సేపూ నా గోల కృష్ణబిలం గురించి.

కూర్చుని ఏం చేస్తుంది? గోడకేసి చూస్తుంది. నాన్న పాటలో మునిగిపోయాడు కాబట్టి రెండో గడియారాన్ని చూసింది ఆ పిల్లొక్కతే. ఏం జరుగుతోందో మొదటి నిమిషంలోనే అర్థమై ఉంటుంది. అయినా నాన్నకు చెప్పలేదు. నాన్న చేతిలోని జాబితాలో ఒక్కడూ నచ్చలేదన్నమాట! పాట అయిపోవస్తుంటే గంధర్వుల వైపు తిరిగి, నాన్నకు వినపడకుండా, "ఇంకొక్క చరణం" అంటుంది.

అబ్బ, నవ్వొచ్చింది. ఒక్కదాన్నే నవ్వాను.

ఇది ఇప్పుడే రాసెయ్యాలి. "ఇంకెంతసేపు?" అని ఈయన లోపల్నుంచి అడిగారు. పది నిమిషాలన్నాను. అదెప్పుడన్నానో మరి.