ఎముక అతికేదాకా సంతకం ఆగాలి

రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలి మంచాన పడినవారి దగ్గరకు, ఢీకొట్టిన కారు తాలూకు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఒక మనిషి వస్తాడు. నలిగిపోయిన బండిని చూసి నష్టం లెక్కగట్టే సర్వేయర్ వేరు, ఈయన వేరు. ఈయనను ఇన్వెస్టిగేటర్ అంటారు. గాయం ఎంత, తప్పు ఎవరిది, సంపాదన ఎంత అన్న మూడు సంగతులు తేల్చి కంపెనీకి రాసి పంపడం ఈయన పని. అది తప్పుడు పనేమీ కాదు, దొంగ కేసులు కూడా ఉంటాయి కనుక విచారణ జరగవలసిందే. అయితే ఆ ఫైలు కంపెనీ కోసం తయారయ్యే ఫైలు. గాయపడినవారి కోసం ఇంకొక ఫైలును ఇంట్లోవాళ్ళే తయారుచేయాలి.

మా తమ్ముడు చంద్రగిరి, తిరుపతి మధ్య ఆటో నడుపుకొనేవాడు. బైకు మీద కాణిపాకం వెళ్ళి వస్తుండగా పూతలపట్టు రోడ్డులో ఒక కారు వెనుక నుంచి వచ్చి గుద్దింది. కుడి కాలు చీలమండకు పైన రెండు ఎముకలూ విరిగాయి, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కుట్లు కూడా విప్పకముందే ఇన్వెస్టిగేటర్ వచ్చారు. చాలా మర్యాదస్తుడు. మా అమ్మను ‘అమ్మా’ అని పలకరించి, మంచం పక్కన స్టూలు లాక్కొని కూర్చుని, ‘ఎట్లుండావు అన్నా, ఇప్పుడు పర్వాలేదా?’ అని అడిగారు. మావాడు ‘పర్వాలేదు సార్, దేవుడి దయ’ అన్నాడు. పరామర్శకు వచ్చిన వారెవరితోనైనా మన వైపు అలాగే అంటాం. ఆయన రాసుకున్న కాగితంలో అది ‘గాయపడిన వ్యక్తి కోలుకుంటున్నాడు, ఇబ్బందులేమీ చెప్పలేదు’ అన్న వాక్యమైంది. సంతకం కోసం కాగితం చేతికిచ్చినప్పుడు నేను మొత్తం చదివి, కాలు కింద పెట్టలేకపోతున్నాడనీ, రాత్రిళ్ళు నొప్పికి నిద్రపట్టడం లేదనీ రాస్తేనే సంతకమని చెప్పాను. ఆయన కాదనకుండా రాశారు. చదవని కాగితం మీద, ఖాళీలున్న ఫారం మీద సంతకం పెట్టకూడదని, పెట్టనంత మాత్రాన ఏ హక్కూ పోదని ఆసుపత్రి వరండాల్లో కూర్చున్న ప్రతి కుటుంబానికీ ఎవరో ఒకరు చెప్పాలి.

రాజీ మాట ఆ తరువాత మొదలవుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, కంపెనీ నియమించిన అధికారి 30 రోజుల్లోగా పరిహారం ఎంత ఇస్తారో ఆఫర్ చెప్పవచ్చు. బాధితుల చేతికి డబ్బు త్వరగా అందాలన్న ఉద్దేశంతో పెట్టిన నిబంధన అది. ఒప్పుకుంటే ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ ఆ రాజీని నమోదు చేస్తుంది, ఒప్పుకోకపోతే కేసు విచారణకు వెళ్తుంది. ఆఫర్ కాదన్నంత మాత్రాన కేసు పోదు. చిక్కల్లా ఎక్కడంటే, విరిగిన ఎముక 30 రోజుల్లో అతకదు. అతికిన తరువాత ఫిజియోథెరపీ చేయించినా చీలమండ ఎంతవరకు వంగుతుందో, ప్లేటు తీయడానికి మళ్ళీ ఆపరేషన్ కావాలో అప్పటికి డాక్టర్లే చెప్పలేరు. ఎంత పోయిందో తెలియకముందే ఇంత చాలునని ఒప్పుకుంటే, ఆ తరువాత కాలు వంకరగా అతికినా ఆ ఫైలును మళ్ళీ తెరిపించడం దాదాపు అసాధ్యం.

అలాగని కేసే వేయకుండా కూర్చోకూడదు. అదే సవరణ ద్వారా, 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పరిహారం పిటిషన్ వేయాలన్న గడువు చట్టంలో చేరింది. పిటిషన్ త్వరగా వేయాలి, రాజీ మాత్రం నిదానంగా చేసుకోవాలి. ఈ రెండూ ఒకటేనని చాలామంది పొరబడుతున్నారు. ప్రమాదం పక్క జిల్లాలో జరిగినా, మనం నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే పిటిషన్ వేసుకోవచ్చు. కోర్టుల్లో దీన్ని ఎంవీఓపీ (మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్) అంటారు. కారు ఏ కంపెనీలో ఇన్సూరెన్స్ చేశారో దాని నంబరు కొడితే ఎం పరివాహన్ యాప్‌లోనే కనిపిస్తుంది.

అసలు వాదనంతా శాతం దగ్గర జరుగుతుంది. మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య శాతం శరీరానికి సంబంధించినది, పరిహారం లెక్క సంపాదనకు సంబంధించినది. కంపెనీ మనిషి ఈ రెంటినీ ఒకటిగా చేసి మాట్లాడతాడు. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది: ఎడమ చేయి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు. ఆటోలో బ్రేకు కుడి పాదం కింద ఉంటుంది. మా తమ్ముడి పాదం కిందికి పూర్తిగా వంగదు. డాక్టరుకు కొలబద్ద మీద అది కొన్ని డిగ్రీల లోటు, వాడికి మాత్రం అలిపిరి దగ్గర యాత్రికులు అడ్డం వస్తే బండి ఆపగలడా లేదా అన్న ప్రశ్న.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. నెలకు 15,000 రూపాయలు సంపాదించే 34 ఏళ్ళ మనిషి అనుకుందాం. ఏడాదికి 1,80,000. సరళా వర్మ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన పట్టిక ప్రకారం ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది సంపాదనను హెచ్చవేయవలసిన అంకె, 16. సొంతంగా సంపాదించుకునే 40 ఏళ్ళ లోపు వారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద, 2017 నాటి ప్రణయ్ సేఠి తీర్పు ప్రకారం 40 శాతం కలుపుతారు. మొత్తం 40,32,000 అవుతుంది. సంపాదనలో నష్టం 20 శాతమే అంటే 8,06,400. సగం పోయిందని రుజువైతే 20,16,000. వైద్యం ఖర్చులు, నొప్పికి ఇచ్చే పరిహారం వేరుగా వస్తాయి. వార్డులో స్టూలు మీద కూర్చుని చెప్పే ఒక గుండుగుత్త అంకెలో ఇవేవీ విడిగా కనబడవు. అందుకే ఎవరు ఏ మొత్తం చెప్పినా, ఏ పద్దు కింద ఎంత అని కాగితం మీద అడగాలి.

జీతం చీటీ లేనివారి సంపాదనను తగ్గించి చూపడం చాలా సులువు. మేము బ్యాడ్జి, పర్మిట్, ఆటో ఫైనాన్సు కంతుల రసీదులు, ఫోన్‌పే స్టేట్‌మెంటు, ఆటో డ్రైవర్లకు ప్రభుత్వం ఇచ్చిన వాహన మిత్ర సొమ్ము పడిన పాసుపుస్తకం పేజీ జమచేశాం. వీటితో పాటు ఎఫ్ఐఆర్, గాయాల గురించి డాక్టరు ఇచ్చే వూండ్ సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, తేదీ ఉన్న ప్రతి మందుల బిల్లు, ఆసుపత్రికి వెళ్ళివచ్చిన ఆటో కిరాయిల చిట్టా కూడా ఉండాలి. పోలీసులు 48 గంటల్లోగా మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లోగా వివరమైన నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలని నియమాలున్నాయి. స్టేషన్‌కు వెళ్ళి వాటి నకళ్ళు అడగడానికి మొహమాటపడవలసిన పనిలేదు. లాయరు ఫీజు పెట్టుకోలేని మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. చిత్తూరు కోర్టు ఆవరణలో ఆ సంస్థ కార్యాలయం ఉంది.

మా కేసును లోక్ అదాలత్‌లో రాజీతో ముగించుకుందామని కంపెనీ న్యాయవాది ఇప్పుడు అడుగుతున్నారు. ఆ దారి మీద నాకు వ్యతిరేకత లేదు, ఏళ్ళ తరబడి తిరగడం తప్పుతుంది. కానీ అక్కడి అవార్డుపై అప్పీలు ఉండదు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు కోర్టుకు వచ్చి సాక్ష్యం చెబితేనే దానికి బలం వస్తుందని రాజ్‌కుమార్ తీర్పే చెబుతోంది కనుక, డాక్టరుకు సమన్లు పంపమని పిటిషన్ పెట్టాం. బ్రేకు పెడల్ సంగతి ఆయన నోటితో రికార్డులోకి ఎక్కిన తరువాతే మా అంకె చెబుతామని మా లాయరు వారికి తెలియజేశారు.