రామప్పను రంగుల్లో గీసి చూడండి

రామప్ప గుడి మొత్తం నీళ్లలో తేలే ఇటుకలతోనే కట్టారని మా వరంగల్ వైపు వాట్సాప్‌లో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. అది నమ్మేసే ముందు ఒక్కసారి యునెస్కో సైట్ తెరవండి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఈ గుడి వివరాలన్నీ అక్కడ ఉచితంగానే దొరుకుతాయి. కట్టడం ఇసుకరాయితో; చెక్కిన స్తంభాలు, దూలాలు గ్రానైట్, డోలరైట్ అనే గట్టి నల్లరాయితో; తేలికపాటి ఇటుకలు పైన విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి మాత్రమే.

ఊరికే చదివితే సగమే బుర్రకెక్కుతుంది. అందుకే మా తమ్ముడి కూతురితో గుడిని నిలువునా కోసినట్టు బొమ్మ గీయించాను: అడుగున ఇసుక నింపిన పునాది, దానిమీద ఎత్తైన అరుగు, ఆపైన రాయి, అన్నిటికన్నా పైన ఇటుక, ఒక్కోదానికి ఒక్కో రంగు. రంగులు వేస్తూ వేస్తూ "పైన బరువు తగ్గాలనా పెద్దనాన్నా?" అని తనే అడిగింది. ఎంత సంతోషమేసిందో!

ఎవరు, ఎప్పుడు కట్టించారన్నది గుడి దగ్గరున్న శాసనంలోనే ఉంది: కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213. పిల్లల్ని తీసుకెళ్తే సెల్ఫీలకంటే ముందు ఆ శాసన స్తంభం దగ్గరికి తీసుకెళ్లండి, నాలుగు వైపులా ఫోటోలు తీయించండి, అక్షరాలను ఇంటికొచ్చాక పెద్దవి చేసి చూడొచ్చు.