లింగొట్టో మలుపులో జూలియా: మూడో నెల పని

నేను కడుతున్న చిన్న నమూనాలో మలుపు ఈ వారంతో పూర్తయింది. 45 సెంటీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద, ఇటలీలో టురిన్‌లోని ఫియట్ వాళ్ల పాత లింగొట్టో కార్ల ఫ్యాక్టరీ డాబా మీది ట్రాక్‌లో ఒక మూల ఇప్పుడు నిజంగా కనిపిస్తోంది. దాని మీద పరిగెత్తాల్సిన బొమ్మ కారు ఆల్ఫా రోమియో జూలియాకి రంగు, అక్షరాలు అయ్యాయి. లోపలి పని మిగిలింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. 1969లో వచ్చిన 'ది ఇటాలియన్ జాబ్' సినిమాలో ఎరుపు, తెలుపు, నీలం రంగుల మూడు మినీ కార్లు దోచుకున్న బంగారంతో టురిన్ వీధుల్లో పారిపోతాయి. ఆ ఛేజ్‌లో కొంత భాగం లింగొట్టో డాబా మీద తీశారు. కార్ల స్టంట్లు రెమీ జూలియెన్ బృందం చేసింది. చూసినవాళ్లందరికీ మినీలే గుర్తుంటాయి. నా కళ్లు మాత్రం వెనక తరుముకొస్తున్న పోలీసు జూలియా మీదే ఉండేవి. చిన్నప్పుడు వీడియో క్యాసెట్‌లో మొదటిసారి చూసినప్పుడు అది మా బండికి చుట్టమనిపించింది. నాన్న దగ్గర ప్రీమియర్ పద్మిని ఉండేది. అదీ ఇటలీ పుట్టుకే, ఫియట్ 1100. పెట్టెలాంటి ఒళ్లు, నాలుగు తలుపులు, స్టీరింగ్ పక్కన గేరు. మా పద్మిని ఇంజన్ 1089 సీసీ, జూలియాది 1570 సీసీ, పైన రెండు క్యామ్‌షాఫ్టులు, ఐదు గేర్లు. 1962లో ఒక ఫ్యామిలీ కారుకి అవి చాలా ఎక్కువ. చూడటానికి డబ్బాలా ఉంటుంది కానీ గాలి దాన్ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్క 0.34 మాత్రమే, ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. వెనక భాగాన్ని కత్తితో కోసినట్టు నిటారుగా ఆపేయడం కూడా అందుకే. సినిమాలో ఓడిపోయేది ఈ బండే. నా బల్ల మీదైనా అది పూర్తి వేగంతో పోతుండాలని ఈ పని మొదలుపెట్టాను.

ముందు స్కేలు. కారు 1:43, అంటే అసలు దానిలో 43వ వంతు. అసలు జూలియా పొడవు సుమారు 4.14 మీటర్లు, అంటే నా చేతిలో 9.6 సెంటీమీటర్లు. లింగొట్టో భవనం అర కిలోమీటరు పొడవు. అదే స్కేల్లో మొత్తం కట్టాలంటే పదకొండు మీటర్లు దాటుతుంది, మా హాలు చాలదు. అందుకే ఒక్క మలుపే తీసుకున్నాను. అసలు ఆ భవనంలో గొప్పదనమంతా ఆ మలుపుల్లోనే ఉంది. జాకొమో మత్తే-ట్రుక్కో గీసిన ఐదంతస్తుల ఫ్యాక్టరీ అది, 1923లో ప్రారంభమైంది. సామాను కింది అంతస్తులో లోపలికొస్తుంది, కారు ఒక్కో అంతస్తూ ఎక్కుతూ తయారవుతుంది, చివరికి డాబా మీదకొచ్చి అక్కడే పరుగు పరీక్ష. మేడ మీద బట్టలారేసుకునే మనకి, మేడ మీద కార్లు తోలారంటే ఇప్పటికీ వింతే. 1982లో అక్కడ కార్ల తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ట్రాక్ పక్కన మొక్కలు పెంచి తోటలా చేశారు.

మలుపు గిన్నె అంచులా పైకి లేస్తుంది. ఇక్కడే నెలన్నర పట్టింది. 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డుతో (తేలికైన ఫోమ్ పలక) పక్కటెముకల్లాంటి ముక్కలు కోసి, రెండేసి సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టాను. పైన ఒకే దళసరి అట్ట పరిచి వంచబోతే ముడతలు పడింది. రెండు వైపులా వంగే ఉపరితలానికి ఒకే కాగితం ఎప్పటికీ సర్దుకోదని అప్పుడర్థమైంది. అట్టని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, పుచ్చకాయ చారల్లా పక్కపక్కన ఫెవికాల్‌తో అతికించాను. సందులు పూడ్చడానికి గోడలకు పూసే పుట్టీ వాడాను. తొందరపడి 3 మిల్లీమీటర్లు ఒకేసారి పట్టించాను. మర్నాటికి ఎండిన చెరువులా పగుళ్లిచ్చింది. మొత్తం గీకేసి, కాగితమంత పలుచగా రోజుకో పూత చొప్పున ఐదు రోజులు పూశాను. తర్వాత 220, ఆపైన 400 నంబరు ఎమిరీ పేపరు. దుమ్ము చాలా వస్తుంది, మాస్కు తప్పనిసరి.

కాంక్రీటు రంగుకి ఒట్టి గ్రే వాడొద్దు, బొమ్మలా కనిపిస్తుంది. గ్రేలో కొంచెం పసుపుమట్టి రంగు, చుక్క గోధుమ రంగు కలిపాను. టైర్ల చారలకి పెన్సిలు ముల్లుని నూరిన పొడి, మెత్తటి బ్రష్షుతో.

ఇక కారు. అది ఎర్రటి డైకాస్ట్ (లోహంతో పోతపోసిన బొమ్మ) జూలియా. ఆ రోజుల్లో ఇటలీ పోలీసు కార్లకి బూడిద కలిసిన ముదురు ఆకుపచ్చ వేసేవారు. లేత నీలం, తెలుపు 1970 దశకం మధ్యలో వచ్చాయి. పాత రంగుని రిమూవర్‌తో తీసి (గ్లోవ్స్ వేసుకోండి), ప్రైమర్ కొట్టి, ఆ ఆకుపచ్చ కోసం ప్లాస్టిక్ చెంచాల మీద పదకొండు మిశ్రమాలు వేసి చూశాను. చివరికి నచ్చింది మూడు పాళ్లు ఆలివ్ గ్రీన్, రెండు పాళ్లు గ్రే, చుక్క నలుపు. సీసాలో రంగు చూసి నిర్ణయించకండి, ఆరాక ఒక మెట్టు ముదురుతుంది.

లాకర్ అనే త్వరగా ఆరే పెయింట్ కొట్టిన రోజు ముసురు పట్టింది. అరగంటలో టాపు మీద తెల్లటి పొర. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ లోహాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద కూర్చుంటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. రెండు రోజులు ఆగి, ఎండ కాసిన మధ్యాహ్నం నిదానంగా ఆరే థిన్నర్‌ని మంచు పడినంత పలుచగా కొడితే పొర కరిగిపోయింది. ఇప్పుడు గదిలో తేమ మీటరు పెట్టాను. 60 శాతం దాటితే ఎయిర్‌బ్రష్ ముట్టుకోను.

తలుపు మీద 'పోలిజియా' అని ఇటాలియన్ అక్షరాలు తెల్లగా ఉండాలి. ఇంటి ప్రింటర్ తెలుపు ముద్రించదు. దీనికి తెల్లటి డెకాల్ కాగితం (నీళ్లలో ముంచి అతికించే స్టిక్కర్ కాగితం) తీసుకుని, చుట్టూ ఆకుపచ్చ ముద్రించి అక్షరాలని ఖాళీగా వదిలేశాను. ఆకుపచ్చ కుదరడానికి నాలుగు షీట్లు అయ్యాయి. ఇంక్‌జెట్ అయితే నీళ్లలో ముంచే ముందు క్లియర్ కోటు రెండుసార్లు కొట్టండి, లేకపోతే సిరా కరిగి కారిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది కారు ఒరగడం గురించి. ఆ కాలపు ఇటాలియన్ కార్లు మలుపులో పక్కకి ఒరిగిపోతాయి, ఛేజ్ సీన్ల అందం సగం అందులోనే ఉంది. అందుకని మొదట బాడీని బయటి వైపు ఒరిగేలా, లోపలి చక్రాల దగ్గర అర మిల్లీమీటరు ప్లాస్టిక్ ముక్కలు పెట్టి ఎత్తాను. మలుపు మీద పెట్టి చూస్తే ఎక్కడో అబద్ధంలా ఉంది. రెండు రోజులకి తట్టింది. రోడ్డే వాలుగా ఉన్నప్పుడు, వేగంగా పోయే బండి బరువు పక్కకి కాకుండా ట్రాక్ లోపలికే నొక్కుతుంది. నాలుగు స్ప్రింగులూ కలిసి కుంగాలి. ముక్కలు తీసేసి, ఇరుసు కూర్చునే గాళ్లని అరగదీసి, మొత్తం బాడీని ఒక మిల్లీమీటరు కిందికి దించాను. బండికి ఒక్కసారిగా బరువొచ్చింది. జారకుండా ఒకటిన్నర మిల్లీమీటరు తీగని అడుగున స్క్రూ రంధ్రం నుంచి ట్రాక్‌లోకి దించాలి.

ఆదివారం నాన్న కళ్లజోడు సర్దుకుని కారుని దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. రంగు గురించి ఏమీ అనలేదు. కిటికీలోంచి లోపలికి చూసి, "గేరు కింద పెట్టారేంట్రా? స్టీరింగ్ దగ్గర కదా ఉండాలి?" అన్నారు.

నిజమే. 1962 నాటి మొదటి జూలియా రకమైన టీఐలో ముందు వైపు పొడుగు సీటు, స్టీరింగ్ పక్కనే గేరు. నేను చేస్తున్నది ఆ టీఐనే, డైకాస్ట్‌లో మాత్రం తర్వాతి రోజుల నేల గేరు పోతపోసి ఉంది. నిన్న దాన్ని బ్లేడుతో కోసేశాను. 0.3 మిల్లీమీటర్ల రాగి తీగ వంచి, కొసన సూపర్ గ్లూ చుక్క వేసి ఆరనిచ్చాను, అదే గుబ్బ. రేపు దాన్ని స్టీరింగ్ పక్కన అతికిస్తాను. పద్మినిలో అది సరిగ్గా ఏ కోణంలో ఉండేదో నాన్న చేత్తో చూపించారు.